చేతులెత్తిన అల్లుడు

పన్నెండవ భాగం

చనిపోయాడని ఊరంతా ఏడ్చిన హనుమంతు బతికి వచ్చాడు.

రొద్దం పక్క పల్లెలో వేరుశనగ పండించుకునే మనిషి అతను. వరుసగా వానలు తప్పి బావి ఎండిపోతే బెంగుళూరు పోయి, రోడ్లు వేసి వంతెనలు కట్టే పటాలంలో చేరాడు. అరవైరెండులో చైనా యుద్ధం వచ్చేనాటికి ఆ పటాలంతో ఈశాన్యపు కొండల్లో ఉన్నాడు. నవంబరులో 'ఆచూకీ లేదు' అని తంతి వచ్చింది. హిందూపురంలో బెల్లం మండీ నడిపే మామ గంగాధరప్ప దాన్ని 'చనిపోయాడు' అని చదువుకున్నాడు. ఊరికీ అట్లాగే చదివి వినిపించాడు. జనవరి ఇరవై ఆరున సభ జరిపి, కూతురు లక్ష్మీదేవి చేత తాళిబొట్టు తీయించి రక్షణ నిధి పళ్ళెంలో వేయించాడు. ఇప్పుడా అల్లుడు చైనావాళ్ళ ఖైదు నుంచి విడుదలై, జులై నెలలో ఒక పొద్దున ఆ ఇంటి మెట్ల ముందు నిలబడ్డాడు. పోయిన వారం మనం అతన్ని అక్కడే వదిలాం.

అతన్ని ఎవరూ లోపలికి రమ్మనలేదు.

గంగాధరప్ప వసారాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మండీ గుమాస్తా ఆదినారాయణ, ఇంకో ఇద్దరు వ్యాపారులు. వాళ్ళ చేతుల్లో కాఫీ గ్లాసులు. గంగాధరప్ప అల్లుడి వైపు చూశాడు, గ్లాసు వైపు చూశాడు, కాఫీ పూర్తిగా తాగేదాకా మాట్లాడలేదు. బయట నిలబడ్డ మనిషికి ఎండ ఎక్కుతోంది.

"వస్తివా" అన్నాడు చివరికి. "పెకింగులో ఎక్కి నేరుగా ఈడనే దిగినావా?"

ఆదినారాయణ నవ్వాడు. నవ్వడం అతని ఉద్యోగంలో సగం.

"మొన్న మా ఊరికి పోయినా మామా" అన్నాడు హనుమంతు. "నాయన్ను చూసుకోని, లక్ష్మీదేవిని పిలుచుకోని పోదామని వచ్చినా."

"మామా అనద్దు. నలుగురు ఉండారు."

హనుమంతు మెట్టు మీద పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"నాకు ఒక అల్లుడు ఉండె" అన్నాడు గంగాధరప్ప, పక్కనున్న వ్యాపారులకు కొత్త సంగతి చెబుతున్నట్టు. "యుద్ధంలో పాణం ఇడిసె. ఊరంతా దండలేసిరి. పిల్లోళ్ళు బడి నుంచి వరసగా నడిచొచ్చిరి. ఇప్పుడు ఈ వచ్చినాయప్ప ఎవురో నాకు తెలీదు. ఏమప్పా, నీ చేతిలో తుపాకి ఉండ్లేదా ఆడ?"

"ఉండె."

"గుండ్లు?"

"అయిపోయినాయి."

"సరే. గుండ్లు లేవు. పాణం ఇచ్చేదానికి ఏమి అడ్డమొచ్చె?"

ఒక వ్యాపారి తల దించుకుని గ్లాసులో మిగిలిన నురగ చూసుకున్నాడు. ఆదినారాయణ మాత్రం అందుకున్నాడు. "చైనావాళ్ళు వేళకు అన్నం పెడ్తాండిరేమో సావుకారీ. ఇంటి మీద బెంగ ఉండింటే ముందే వచ్చుండు కదా."

"ముల్లంగి ఉడకేసి పెట్టిరి" అన్నాడు హనుమంతు. "రెండు పూటలా అదే."

వెటకారంగా అడిగిన మాటకు నిజమే జవాబుగా వస్తే దానికెట్లా నవ్వాలో ఆదినారాయణకు తెలియలేదు.

నిజానికి గంగాధరప్పకు ఈ అల్లుడి మీద ఇష్టం ఎన్నడూ లేదు. పెళ్ళి నాటికి తానూ బెల్లం బండి తోలుకుంటూ సంతలకు తిరిగినవాడే. నీళ్ళున్న బావి, రెండు జతల ఎద్దులు ఉన్న ఇల్లని ఎగబడి పిల్లనిచ్చాడు. మండీ పెరిగేకొద్దీ ఆ సంబంధం చిన్నదైపోయింది. అల్లుడు సెలవు మీద వస్తే వెనక వాకిట్లో భోజనం పెట్టించేవాడు. ఆ అల్లుడు చచ్చి చేసినంత మేలు గంగాధరప్పకు బతికున్న బంధువు ఎవ్వడూ చేయలేదు. సభ మర్నాటి నుంచి బజారులో నడిస్తే అంగళ్ళవాళ్ళు లేచి నిలబడ్డారు. బడి వార్షికోత్సవానికి ముందు వరసలో కుర్చీ, పెళ్ళిళ్ళలో మొదటి తాంబూలం. ఎన్నికల్లో నిలబడమని ఎవరూ అడగకముందే నిలబడడానికి ఒప్పేసుకున్నాడు. గోడల మీద తన పేరుకు ముందు 'వీరజవాను మామగారు' అని రాయించడానికి రంగు కూడా తెప్పించాడు. జూన్ నెలలో పోలీసు స్టేషన్ నుంచి మనిషి వచ్చి, మీ అల్లుడు బతికే ఉన్నాడని సంతోషంగా చెప్పినప్పుడు ఆయన నోట మొదట వచ్చిన మాట, "ఇంకెవురికన్నా చెప్పినారా?" అని.

ఆ మాటే బజారులో తిరిగింది. లేచి నిలబడేవాళ్ళు కూర్చుండిపోయారు. ఒకరిద్దరు, ముందు వరస కుర్చీ మరిచిపోయి పోతాండావే అని వెనకనుంచి కేకేశారు కూడా. ఆ అవమానమంతా ఇప్పుడు మెట్ల కింద, కాళ్ళ నిండా దుమ్ముతో నిలబడి ఉంది.

గోడకు హనుమంతు ఫోటో ఇంకా వేలాడుతూనే ఉంది. బెంగుళూరులో, చేరిన కొత్తలో తీయించుకున్నది. దండ తీసేశారు గానీ అద్దం మీద పెట్టిన కుంకుమ బొట్టు తుడవలేదు. హనుమంతు దాన్ని చూశాడు. అతనికి కోపం రాలేదు. ఇట్లాంటి ప్రశ్నలు విడుదలయ్యాక తన సైన్యం వాళ్ళే అడిగారు, ఒకే ప్రశ్నను మార్చి మార్చి అడిగారు. కానీ వాళ్ళు కూర్చోబెట్టి అడిగారు. ఈ బల్ల మీది మనిషి చెప్పులు లేకుండా ఎండలోకి దిగి ఎన్నాళ్ళయిందో అనుకున్నాడు. అనుకుని, ఆ ఆలోచన మీద కూడా అతనికి విసుగే పుట్టింది.

"లక్ష్మీదేవిని పిలువు" అన్నాడు. ఈసారి మామా అనలేదు.

"పిలవను."

అప్పుడు తలుపు తెరుచుకుంది. గంగాధరప్ప భార్య సిద్ధమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని వసారా దాటి మెట్ల దగ్గరికి వచ్చింది. ఆ ఇంట్లో మగవాళ్ళు మాట్లాడుతుండగా ఆమె వసారాలోకి రావడం వ్యాపారులు ఎన్నడూ చూడలేదు. చెంబు హనుమంతు కాళ్ళ ముందు పెట్టింది.

"కడుక్కోప్పా."

"ఎవురు తెమ్మనిరి నిన్ను?" అన్నాడు గంగాధరప్ప.

"ఎవురు తెమ్మనాల? ఆ పొద్దు పోతులయ్యకు నువ్వే తెమ్మంటివి కదా. కాళ్ళకు కట్లు ఉండాయి, నీళ్ళొద్దమ్మా అని ఆ పిల్లోడు అంటాంటే కూడా ఇయ్యమంటివి."

గంగాధరప్ప గ్లాసు బల్ల మీద పెట్టాడు. "లోపలికి పో."

"పోతా. ఆయప్ప కాళ్ళు కడుక్కోనీ."

"ఏ పోతులయ్య?"

ఈ మాట తలుపు దగ్గర్నుంచి వచ్చింది. లక్ష్మీదేవి గడప మీద నిలబడి ఉంది. నుదుట బొట్టు ఉంది. బతికున్నాడన్న వార్త వచ్చిన రోజే సిద్ధమ్మ పెట్టింది. మెడ మాత్రం బోసిగా ఉంది. మంచి రోజు చూసి కడదాంలే అంటూ గంగాధరప్ప నెల దాటించాడు. భర్తను ఆమె ఇంతసేపూ తలుపు సందులోంచి చూస్తూనే ఉంది. చిక్కిపోయాడు. కుడి చేతి రెండు వేళ్ళ కొనలు నల్లగా మాడినట్టున్నాయి. ఇప్పుడు ఆమె అతన్ని చూడడం లేదు. తల్లిని చూస్తోంది.

"ఏ పోతులయ్య మా?"

"ధర్మవరం పిల్లోడు. మగ్గం నేసేవాళ్ళ పిల్లోడు, మీ ఆయనతోపాటు పటాలంలో ఉండె. మంచులో కాళ్ళు చెడిపోతే ఆస్పత్రిలో పెట్టి ఇంటికి పంపించినారు. రెండు చేతుల్లో రెండు కట్టెలు పట్టుకోని జట్కాలో వచ్చె. ఆ పొద్దు నువ్వు మీ చిన్నత్త ఇంట్లో ఉంటివి."

"ఎప్పుడు?"

సిద్ధమ్మ మొగుడి వైపు చూసింది. ఆ చూపులో భయం లేదు. పాడైన కూరను పారేసే ముందు చూసినట్టు చూసింది.

"సభకు ముందు వారం" అంది. "నీ అల్లుడు బతికుండాడు, చైనావాళ్ళు పట్టుకోని పోయేది నా కండ్లతో చూసినా అని చెప్పె. చెప్పి ఏడ్చె. మీ నాయన ఆయప్పకు అన్నం పెట్టించి, పిల్ల మెత్తంది, దానికి నిదానంగా నేనే చెప్తా, నువ్వు యాడా అనద్దు అని జట్కా ఎక్కించి పంపించె."

వ్యాపారుల్లో పెద్దవాడు కండువా సర్దుకుని, మండీలో బండ్లు వచ్చి ఉంటాయని గొణిగి మెట్లు దిగిపోయాడు. రెండోవాడు ఆ పాటి మాట కూడా చెప్పకుండా వెళ్ళాడు. ఆదినారాయణ ఉండాలో పోవాలో సావుకారి ముఖంలో వెతికాడు. అక్కడ అతనికేమీ దొరకలేదు.

"నువ్వెందుకు చెప్పలేదు మా?" అంది లక్ష్మీదేవి.

"చెప్పనీలేదు."

"నోరు మూసి కట్టినాడా?"

"లేదు. భయపడితి."

లక్ష్మీదేవి అప్పుడు చూసిన చూపు తండ్రి కోసం దాచుకున్నది. అందులో కొంచెం తల్లికీ ముట్టింది. తర్వాత తండ్రి వైపు తిరిగింది.

"సభలో మైకులో నా పేరు చెప్పి తాళి తీయమంటివి."

"లక్ష్మీ, ఊరికే ఉండు. లోపలికి పో, మాట్లాడదాము."

"తీసేటప్పుడు నాకు ముడి రాలేదు. నువ్వే వెనక్కొచ్చి ముడి ఇప్పితివి. నీ ఏళ్ళు నా మెడకు తగిలె. తెలిసే ఇప్పితివా నాయనా?"

గంగాధరప్ప మామూలుగా కేకలేసే మనిషి. ఇప్పుడు ఉత్తరీయంతో మెడ తుడుచుకున్నాడు. దొరికిపోయిన మనిషి తప్పు ఒప్పుకోవచ్చు, లేదా ఎదుటివాడి మీదికి తోయవచ్చు. జీవితమంతా బెల్లం దిమ్మెల్లో ఇసుక వెతికి ధర తగ్గించిన మనిషి, ఇప్పుడూ ఎదుటివాడిలోనే ఇసుక వెతికాడు.

"తెలిసే ఇప్పితి" అన్నాడు. "పోతులయ్య ఇంకో మాట కూడా చెప్పె. అది మీయమ్మకు ఇనపడలేదు, అన్నం తెచ్చేదానికి లోపలికి పోయిండె. అందరికంటే ముందు గుంతలోంచి లేచి, తెల్లగుడ్డ పట్టుకోని చేతులెత్తింది వీడే అని చెప్పె. ఈన్ని చూసి మిగిలినోళ్ళు లేచిరంట. ఆ మాట ఇన్నప్పుడు నా తల యాడ పెట్టుకోవాలో తెలీలేదు. పిరికోడి పెండ్లామని నిన్ను నలుగురు ఏలెత్తి చూపించేకంటే, వీరుడి పెండ్లాంగా ముండమోసేదే మేలనుకుంటి. నీ మంచికే అనుకుంటి. కాదంటే చెప్పమను ఈన్ని."

ఇదంతా చెప్పి కొంచెం తేలికపడ్డట్టు బల్ల మీద వెనక్కి ఆనుకున్నాడు. ఆదినారాయణ కూడా ఊపిరి పీల్చుకున్నాడు.

లక్ష్మీదేవి మొదటిసారి భర్త ముఖంలోకి చూసింది.

"నిజమేనా?"

"నిజమే."

"అందరికంటే ముందా?"

"ముందే" అన్నాడు హనుమంతు. "గుడ్డ కూడా నాదే. లక్ష్మీ, అది ఎందుకంటే..."

"చెప్పద్దు."

"చెప్పనీ."

"చెప్పద్దంటి కదా. మీరందరూ నాకు సగమే చెప్తారు. ఆయనకు కావాల్సిన సగం ఆయన చెప్పె. ఈమె సగం దాచిపెట్టె. ఇప్పుడు నీ సగం నువ్వు చెప్తావు. నాకు చూసినోడు చెప్పాల. పోతులయ్య ఇల్లు నీకు తెలుసా?"

"ధర్మవరంలో. కానీ ఆయప్ప ఉంటాడో లేడో. ఆడిదాకా ఎందుకు, నేనే..."

"పోదాం పద."

ఆమె లోపలికి పోయి చీరల మూట ఒకటి పట్టుకుని వచ్చింది. సిద్ధమ్మ ఏదో అనబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంగాధరప్ప లేచి మెట్ల దాకా వచ్చాడు. ఇప్పుడు ఆయన గొంతు తగ్గింది. వీధిలో ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తున్నారు.

"లక్ష్మీ, ఊళ్ళో నన్నడుగుతారు. ఏమని చెప్పాల నేను?"

"సభ పెట్టి చెప్పు" అంది ఆమె.

వెనక్కి చూడకుండా నడిచింది. హనుమంతు చెంబులో నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నాడు. చెంబు అత్త చేతికిచ్చి, ఆమె పాదాలు తాకి, భార్య వెనక స్టేషన్ వైపు నడిచాడు. గంగాధరప్ప వైపు అతను చూడనేలేదు. చూసి తిట్టి ఉంటే ఆయనకు కొంచెం గౌరవంగా ఉండేది.

ధర్మవరానికి రెండు టికెట్లు తీసుకున్నారు. పాసింజరు బండి మధ్యాహ్నం ఎండలో మెల్లగా కదిలింది. ఇంజను పొగ కిటికీలోంచి లోపలికి కొడుతోంది. లక్ష్మీదేవి కిటికీ పక్కన, హనుమంతు ఎదురు బెంచీ మీద. అతను ఒకసారి కూజాలో నీళ్ళు తెచ్చిచ్చాడు. ఆమె తాగింది. అంతే.

ఆమెకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననుకుంది. ఆరు నెలలు ఏడ్చింది, చచ్చిపోయిన మనిషి కోసం. ఆ మనిషి కొండ మీద తుపాకి పట్టుకుని నిలబడే ఉంటాడని, ఒరిగేటప్పుడు తన పేరు తలుచుకుని ఉంటాడని ఊహించుకుని ఏడ్చింది. ఇప్పుడు ఎదురుగా మాడిన వేళ్ళతో కూర్చున్న ఈ మనిషి తెల్లగుడ్డ పట్టుకుని లేచాడు. అందరికంటే ముందు. ఇంకొకరు లేచినాక లేచుంటే ఏం పోయేది? ఆ ప్రశ్న ఆమెను తండ్రి మాటల కంటే ఎక్కువగా కోసింది. తండ్రిని అసహ్యించుకోవడం తేలిక. ఈ మనిషిని అసహ్యించుకోవాలో వద్దో తెలియకపోవడమే కష్టం.

మలుగూరులో చింతపండు గంపతో ఒక ముసలమ్మ ఎక్కి ఆమె పక్కన కూర్చుంది. కాసేపు అటూ ఇటూ చూసి, "నీ మొగుడామ్మా?" అంది.

"ఊ."

"బొట్టుండాది, మెడలో ఏమీ లేదే తల్లీ?"

"నిధికిచ్చినా."

"ఏ నిధికమ్మా?"

"మా నాయన్ను అడగాల" అంది లక్ష్మీదేవి. ముసలమ్మకు అర్థం కాలేదు. హనుమంతుకు అర్థమై తల దించుకున్నాడు. ఇంటి ముందు అంతసేపు మాటలు పడ్డప్పుడు దించని తల అది.

"పెనుగొండలో నాయన బండి కట్టుకోని వచ్చుంటాడు" అన్నాడు తల ఎత్తకుండానే. "నిన్ను పిలుచుకోని వస్తానని చెప్పింటి. దిగుదామా? ధర్మవరం రేపన్నా పోవచ్చు."

"నువ్వు కావాలంటే దిగు."

కొండ మీద కోట కనిపించింది. బండి నిదానించింది. ప్లాట్‌ఫారం మీద హనుమంతు తండ్రి పెద్దప్ప నిలబడి ఉన్నాడు. ఎర్ర తలగుడ్డ, చేతిలో ఎద్దుల్ని తోలే ములుకోల. కోడలికి దిష్టి తీయడానికని కొబ్బరికాయ కూడా చంకలో పెట్టుకున్నాడు. కిటికీలో లక్ష్మీదేవి ముఖం చూడగానే ముసలాయన నోరంతా తెరిచి నవ్వాడు.

"దిగు తల్లీ, దిగు. ఎండన పడి వస్తిరి."

"దిగేది లేదు మామా" అంది ఆమె. ఈ ముసలాయన మీద ఆమెకు కోపం లేదు, కానీ గొంతులో మెత్తదనం తెచ్చుకోలేకపోయింది. "ధర్మవరం పోతాండాము. నీ కొడుకు అందరికంటే ముందు చేతులెత్తినాడంట. ఎందుకెత్తినాడో చూసినోన్ని అడగాల. పోతులయ్య అని ఉండాడంట."

పెద్దప్ప నవ్వు ఆగిపోయింది. కొడుకు వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు.

"దానికి ధర్మవరం దాకా పోయే పనిలేదు" అన్నాడు. "పొద్దున బండికే ఆ పిల్లోడు ఈడ దిగినాడు. నడవలేక ఆ బెంచీ మీద కూచోనుంటే నాకు కనపడె. మన ఊరికే వస్తాండాడంట. బండ్లో కూచోబెట్టినా. అన్నం తినమంటే తినలేదు."

"నాకోసరం వచ్చినాడా?" అంది లక్ష్మీదేవి.

"నీకోసరమే. 'హనుమంతు నోరు తెరిచే ముందు ఆయమ్మకు నేను చెప్పాల, ఆయప్పను చెప్పనీకూడదు' అంటాండాడు. ఏమని అడిగితే నాకు చెప్పడే."

లక్ష్మీదేవి మూట తీసుకుని లేచింది. ముసలమ్మ గంప పక్కకు జరిపి దారిచ్చింది. కిందికి దిగి, ఎద్దుల బండ్లు నిలిపే చోటు వైపు చూసింది. చింతచెట్టు నీడలో బండి, బండిలో గడ్డి మీద రెండు కట్టెలు పక్కన పెట్టుకుని ఒక సన్నటి మనిషి. అతను ఆమెను చూసి లేవబోయి, కట్టెలు అందక మళ్ళీ కూలబడ్డాడు.

ఆమె నాలుగడుగులు వేసి, వెనక అడుగుల చప్పుడు లేదని గమనించి తిరిగి చూసింది.

గార్డు జెండా ఊపాడు. ఇంజను కూత పెట్టింది. పెద్దప్ప కిటికీ కమ్మీ పట్టుకుని, "దిగరా, బండి పోతాండాది" అంటున్నాడు. లోపల హనుమంతు రెండు చేతుల్నీ ఒళ్ళో బిగించి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మామ ముందు రంగు మారని ఆ ముఖం ఇప్పుడు సున్నం కొట్టినట్టు పాలిపోయింది. అతని కళ్ళు భార్య మీద లేవు. చింతచెట్టు కింది మనిషి మీద ఉన్నాయి.

రైలు కదిలింది. హనుమంతు లేవలేదు.